సూది పడ్డాక పాలు ఎన్నాళ్లు ఆపాలి?

పాడి పశువులు: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుల జవాబులు

ఈ నెల ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ ఉన్నాయి. జబ్బు చేసిన ఆవుకో బర్రెకో వాడిన మందు పాలలోకి ఎంత దిగుతుంది, ఎన్నాళ్లు ఉంటుంది, అప్పటిదాకా ఆ పాలను ఏం చేయాలి అని అడిగారు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, వీటికే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవుకు వెనుక ఎడమ చన్ను వాచింది. డాక్టర్ సారు మూడు రోజులు సూది వేసి, ఆ చన్నులోకి ట్యూబులు ఎక్కించారు. మిగతా మూడు చన్నుల పాలు తెల్లగా, మంచిగానే ఉన్నాయి. వాటిని పాల సేకరణ కేంద్రంలో పోయొచ్చా? మొత్తం ఎన్ని రోజులు ఆపాలి?
పాడి రైతు, పరకాల

జవాబు: పోయకూడదు. నాలుగు చన్నుల పాలూ ఆపాల్సిందే.

కండరంలోకో నరంలోకో వేసిన సూది మందు రక్తంలో కలిసి నాలుగు చన్నులకూ సమానంగా చేరుతుంది. ట్యూబు సంగతి వేరని చాలామంది అనుకుంటారు. పొదుగులో నాలుగు భాగాలు దేనికది విడిగా ఉండేమాట నిజమే. కానీ ఒక భాగంలో ఎక్కించిన మందులో కొంత రక్తంలోకి పీల్చుకుపోయి, అక్కడి నుంచి మిగతా మూడింటి పాలలోకి వస్తుంది. వచ్చేది కొద్దిగానే అయినా, పాలలో ఉండదగిన పరిమితి అంతకంటే చిన్నది. పెన్సిలిన్‌కు కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) ప్రమాణం కిలో పాలకు 4 మైక్రోగ్రాములు మాత్రమే. పాలు తెల్లగా ఉన్నాయా, విరిగాయా అన్నదాన్ని బట్టి జబ్బు తగ్గిందో లేదో తెలుస్తుంది గానీ మందు పోయిందో లేదో తెలియదు.

ఇక రోజుల లెక్క. మందు పెట్టె మీద పాలకు ‘విత్‌డ్రాయల్ పీరియడ్’ (పాలు ఆపాల్సిన గడువు) ఎంతో రాసి ఉంటుంది, గంటల్లోనో రోజుల్లోనో. 2012లో ఔషధ నియమాల్లోని 97వ నియమానికి చేసిన సవరణ ప్రకారం ఆహారానికి వాడే పశువుల మందుల లేబుల్ మీద ఆ గడువు ఉండాలి. ఆ మందుకు ప్రత్యేకంగా నిర్ధారించిన గడువు లేకపోతే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి కనీసం 28 రోజులు పాటించాలి. పెట్టె చిరిగిపోయినా, అక్షరాలు చెరిగిపోయినా, డాక్టర్‌ను అడగడం కుదరకపోయినా పాలకు 7 రోజులకు తగ్గవద్దు.

ఎక్కువ పొరపాట్లు జరిగేది గడువు మొదలయ్యే గంట దగ్గర. మొదటి సూది నుంచి కాదు, చివరి సూది లేదా చివరి ట్యూబు నుంచి లెక్కపెట్టాలి. సోమవారం పొద్దున వైద్యం మొదలై, బుధవారం సాయంత్రం 6 గంటలకు చివరి ట్యూబు ఎక్కిందనుకోండి. లేబుల్ మీద 96 గంటలు ఉంటే గడువు ఆదివారం సాయంత్రం 6కు ముగుస్తుంది. ఆదివారం 5 గంటలకు పిండే అలవాటుంటే ఆ పూట పాలు కూడా పారబోసి, సోమవారం పొద్దుటి పాలే కేంద్రానికి తీసుకెళ్లాలి. సూదికి ఒక గడువు, ట్యూబుకు ఇంకో గడువు ఉంటే రెంటిలో ఆలస్యంగా ముగిసేదే మీ గడువు.

లేబుల్ మీది గడువు లేబుల్ మీది మోతాదుకే వర్తిస్తుంది. మోతాదు పెంచినా, మూడు పూటల మందును ఆరు పూటలు వాడినా, కండరంలోకి వేయాల్సింది పొదుగులోకి ఎక్కించినా ఆ లెక్క చెల్లదు. అప్పుడు గడువు ఎంత పెంచాలో వైద్యం చేసిన డాక్టరే చెప్పాలి, చెప్పింది మీరు కాగితం మీద రాయించుకోవాలి. జ్వరంతో మేత మానేసిన పశువులో, పాలు బాగా తగ్గిన పశువులో మందు ఆలస్యంగా బయటికి పోతుంది. గడువులో ఉన్నప్పుడు ‘ఎలాగూ పారబోసేవే కదా’ అని సగం పిండి వదిలేస్తే రెండు విధాలా నష్టం. వాపు తగ్గదు, మందూ నిలిచిపోతుంది. ప్రతి పూటా నాలుగు చన్నులూ పూర్తిగా పిండేయండి.

ఇంకో మాట. సెఫ్టియోఫర్ సూదికి పాలు ఆపనక్కర్లేదన్న మాట రైతుల్లో బాగా వినిపిస్తోంది. కొన్ని దేశాల లేబుళ్లలో అలా ఉన్నది నిజమే, అదీ సూదిగా, నిర్ణీత మోతాదులో వేసినప్పుడే. మన దగ్గర ఎక్కువగా వాడే సెఫ్ట్రియాక్సోన్ వేరే మందు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని గడువు ఇంకొకదానికి అంటగట్టొద్దు. మీ చేతిలోని పెట్టె మీద ఏముందో అదే చూడండి.

కొట్టంలో చేయాల్సింది చిన్న పనే. మందు పడ్డ వెంటనే ఆవు వెనుక కాలికి ఎర్ర గుడ్డ కట్టండి, గడువు తీరాకే విప్పండి. ఆ ఆవును అన్నింటికంటే చివర, వేరే బకెట్‌లోకి పిండండి. మిషన్‌తో పిండేవాళ్లు ఆ ఆవు పాలు పైపుల్లో, చన్నులకు తగిలించే క్లస్టర్‌లో మిగిలి తర్వాతి ఆవు పాలలో కలుస్తాయని గుర్తుంచుకోవాలి. పొద్దున ఒకరు, సాయంత్రం ఇంకొకరు పిండే ఇళ్లలోనే పాలు ఎక్కువగా కలిసిపోతుంటాయి. అందుకే గోడ మీద ఒక కాగితం అంటించి పశువు గుర్తు, మందు పేరు, ఎంత, ఎక్కడ వేశారు, చివరిసారి ఏ తేదీ ఎన్ని గంటలకు, పాలు మళ్లీ ఎప్పటి నుంచి పోయాలి అన్నవి రాయండి.

పూటకు 5 లీటర్లిచ్చే ఆవు అయితే 7 రోజుల్లో 70 లీటర్లు పోతాయి. చిన్న రైతుకు అది పెద్ద దెబ్బ, మాకు తెలుసు. అందుకే సూది పడకముందే డాక్టర్‌ను అడగండి: ఈ జబ్బుకు ఇంతే బాగా పనిచేసి, పాలు తక్కువ రోజులు ఆపితే సరిపోయే మందు ఉందా? వెల తక్కువని కొన్న మందు పాలను పది రోజులు ఆపిస్తే అది చవక మందు కాదు.

ప్రశ్న: మా కేంద్రంలో 2,000 లీటర్ల కూలర్ ఉంది. డెయిరీ వాళ్లు స్ట్రిప్ పరీక్షలో యాంటీబయాటిక్ వచ్చిందని మొత్తం పాలు తిప్పి పంపారు. ఒక్క బర్రె పాలు అంత పాలలో కలిస్తే పలచబడిపోవా? ఎవరి పాలో పట్టుకునేదెట్లా?
పాల సేకరణ కేంద్రం కార్యదర్శి, హుజూరాబాద్ ప్రాంతం

జవాబు: పలచబడతాయి, కానీ చాలినంత కాదు. లెక్క చూడండి. లక్ష యూనిట్ల పెన్సిలిన్ అంటే 60 మిల్లీగ్రాములు. పరిమితి లీటరుకు సుమారు 4 మైక్రోగ్రాములు. అంటే ఆ 60 మిల్లీగ్రాములు 15,000 లీటర్ల పాలను పరిమితి అంచుకు తేగలవు. మీ 2,000 లీటర్ల కూలర్‌కు 8 మిల్లీగ్రాములు చాలు. ట్యూబు ఎక్కించిన మర్నాటి పాలు ఒక్క పూట కలిసినా ఆ మాత్రం దిగొచ్చు. ఒక ఇంటి బకెట్ వల్ల ఊరందరి పాలు పోవడం ఇలాగే జరుగుతుంది.

ఎవరివో పట్టుకోవాలంటే నమూనాలు ముందే తీసి ఉండాలి. పాలు కూలర్‌లో కలిసిపోయాక ఎవరినీ పట్టుకోలేరు. ప్రతి పూటా, ప్రతి సభ్యుడి పాల నుంచి 30 నుంచి 50 మిల్లీలీటర్లు శుభ్రమైన సీసాలో తీసి, సభ్యత్వ సంఖ్య రాసి, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచండి. బయట వెచ్చగా ఉంచితే పాలు పులిసి పరీక్ష చెడుతుంది, పెన్సిలిన్ కూడా కొంత విరిగిపోయి అసలు దోషి తప్పించుకోవచ్చు. డెయిరీ నుంచి ఫలితం వచ్చేదాకా వాటిని పారేయొద్దు. కూలర్ పాజిటివ్ అయితే నలుగురైదుగురి నమూనాలు సమంగా కలిపి ఒక స్ట్రిప్ వేయండి. ఏ గుంపు పాజిటివ్ వస్తే ఆ గుంపులో ఒక్కొక్కరివి విడిగా చూడండి. ఇలా చేస్తే నలభై మంది సభ్యులున్నా పది పదిహేను స్ట్రిప్‌లతో పని అయిపోతుంది.

స్ట్రిప్ ఏం చూస్తుందో తెలుసుకుని వాడాలి. పది నిమిషాల్లోపు ఫలితమిచ్చే మామూలు స్ట్రిప్‌లు పెన్సిలిన్, యాంపిసిలిన్, క్లాక్సాసిలిన్, సెఫలోస్పోరిన్ల జాతిని పడతాయి. ఆక్సీటెట్రాసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్, సల్ఫాలు వాటికి కనబడవు, వాటికి వేరే స్ట్రిప్‌లు లేదా కలిపి చేసినవి కావాలి. ఇంకో రకం కిట్‌లో వేడికి తట్టుకునే బ్యాక్టీరియా బీజాలుంటాయి. పాలు పోసి 64 డిగ్రీల దగ్గర రెండున్నర మూడు గంటలుంచితే, పాలు శుభ్రంగా ఉన్నప్పుడు బ్యాక్టీరియా పెరిగి ఊదా రంగు పసుపుకు మారుతుంది. మందుంటే ఊదాగానే ఉండిపోతుంది. ఇది చాలా జాతుల మందులను పడుతుంది. కానీ జున్నుపాలు, పొదుగు వాపు పాలు, ఫార్మలిన్ లాంటివి కలిపిన పాలు కూడా ఊదాగానే నిలవొచ్చు. అనుమానముంటే నమూనాను 80 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడి చేసి మళ్లీ చూడండి. పాలలో సహజంగా ఉండే నిరోధకాలు ఆ వేడికి పోతాయి, మందు పోదు. ఏ మందు, ఎంత అని కచ్చితంగా తేల్చేది మాత్రం ల్యాబ్‌లోని ఎల్‌సీ-ఎంఎస్ఎంఎస్ పరీక్షే.

ఒక సలహా, ఇది మేం గట్టిగా నమ్మేది. ‘మా బర్రెకు సూది పడింది, వారం పాలు పోయను’ అని ముందే చెప్పిన రైతును కేంద్రం గౌరవించాలి. అతని ఇంట్లో మిగతా పశువుల పాలు అనుమానం లేకుండా తీసుకోవాలి, బోనస్‌లో కోత పెట్టకూడదు. చెప్పినవాడికీ నష్టం, దొరికినవాడికీ నష్టం అయితే ఊళ్లో ఎవరూ చెప్పరు.

ప్రశ్న: పాలు బాగా మరగకాస్తే మందు పోతుందా? ఈ మధ్య రెండుసార్లు పెరుగు తోడుకోలేదు. యాంటీబయాటిక్ ఉన్నట్లేనా?
గృహిణి, హన్మకొండ

జవాబు: మరగకాస్తే క్రిములు చస్తాయి. మందు మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది. టెట్రాసైక్లిన్ వేడికి కొంత తగ్గుతుంది, పెన్సిలిన్ అంతకంటే తక్కువ తగ్గుతుంది. సల్ఫాలు, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్ దాదాపు చెక్కుచెదరవు. డెయిరీలో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు చేసే పాశ్చరైజేషన్ కూడా ఇందుకు పనికిరాదు.

పెరుగు తోడుకోకపోవడానికి యాంటీబయాటిక్ ఒక కారణమే గానీ మొదటి అనుమానం దాని మీద అక్కర్లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల చలి, తోడు పాతబడటం, మరీ వేడి పాలలో తోడు వేయడం, గిన్నెకు అంటిన సబ్బు, ఇవే ఎక్కువసార్లు కారణాలు. ఇంట్లో తేల్చుకోవడానికి ఒక పని చేయండి. ఆ పాలు ఒక గిన్నెలో, వేరే చోట కొన్న పాలు ఇంకో గిన్నెలో పోసి రెండూ ఒకేసారి కాచి, ఒకే గోరువెచ్చదనానికి చల్లార్చి, ఒకే తోడు సమంగా వేసి, పక్కపక్కన ఒకే చోట పెట్టండి. రెండూ తోడుకోకపోతే తప్పు తోడుది, లేదా చలిది. ఒక్కటే మిగిలిపోతే ఆ పాలలో బ్యాక్టీరియాను ఆపేదేదో ఉంది.

దీన్ని తిరగేసి మాత్రం చదవొద్దు. పెరుగు చక్కగా తోడుకుంది కాబట్టి మందు లేదనుకోవడం తప్పు. పరిమితిని దాటిన పెన్సిలిన్ కొద్దిగా ఉన్నా తోడులోని బ్యాక్టీరియా తట్టుకోగలదు, సల్ఫాలనైతే ఇంకా ఎక్కువగా తట్టుకుంటుంది.

భయం ఎంత పడాలి అన్నదానికి ఒక అంకె చెబుతాం. ఎఫ్‌ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) 2018లో దేశవ్యాప్తంగా చేసిన పాల సర్వేలో 6,432 నమూనాలు చూస్తే 77 నమూనాల్లో, అంటే 1.2 శాతంలో, యాంటీబయాటిక్ పరిమితికి మించి ఉంది. పాలు మానేయాల్సినంత సంఖ్య కాదిది. పెన్సిలిన్ పడనివాళ్లకు కొద్దిపాటి అవశేషంతోనూ దద్దుర్లు రావొచ్చు. అంతకంటే పెద్ద చింత, మందులకు లొంగని క్రిములు పెరగడం. ఆహార భద్రత చట్టం, 2006లోని 40వ సెక్షన్ కింద కొనుగోలుదారు కూడా రుసుము కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు.

ప్రశ్న: ఆపిన పాలు పారబోయడానికి మనసొప్పడం లేదు. దూడకు తాగించొచ్చా?
పాడి రైతు, జనగామ

జవాబు: వద్దు. దూడ పేగుల్లోని బ్యాక్టీరియాకు రోజూ కొద్ది కొద్దిగా మందు తాగించినట్లవుతుంది. రేపు ఆ దూడకే పారుడు పట్టినప్పుడు అదే మందు పనిచేయదు. పొదుగు వాపు పాలలో జబ్బు క్రిములు కూడా ఉంటాయి. బావికి, చెరువుకు, కాలువకు దూరంగా గుంత తీసి అందులో పోసి మట్టి కప్పండి. గోబర్ గ్యాస్ ట్యాంకులో పోయొద్దు, గ్యాస్ పుట్టించే బ్యాక్టీరియా దెబ్బతింటుంది.

ప్రశ్న: ఒట్టిపోయేటప్పుడు నాలుగు చన్నుల్లోకి ట్యూబులు ఎక్కించాం. ఆవు లెక్క తప్పి మూడు వారాలు ముందే ఈనింది. జున్నుపాలయ్యాక పాలు పోయొచ్చా?
పాడి రైతు, కోరుట్ల

జవాబు: ఒట్టి కాలానికి వాడే ట్యూబులో మందు నెమ్మదిగా, వారాల తరబడి విడుదలయ్యేలా తయారవుతుంది. ఆ లేబుల్ మీద రెండు అంకెలుంటాయి: ట్యూబుకూ ఈతకూ మధ్య కనీసం ఎన్ని రోజులు ఉండాలి, ఈనాక ఎంతకాలం పాలు ఆపాలి. మొదటిది పూర్తి కాకుండానే మీ ఆవు ఈనింది గనుక, ఎన్ని రోజులు తగ్గాయో అన్ని రోజులూ రెండో అంకెకు కలిపి ఆపండి. ఆ తర్వాత కూడా స్ట్రిప్ వేయించి, నెగెటివ్ వచ్చాకే పోయండి. పాలిచ్చే ఆవుకు ఒట్టి కాలం ట్యూబు పొరపాటున ఎక్కిస్తే వారం రోజుల లెక్క అసలు పనికిరాదు. ట్యూబు పెట్టెలు వేరువేరు అరల్లో పెట్టుకోండి.

ప్రశ్న: పురుగు మందు, గోమార్ల మందు పాలలోకి వస్తాయా? మాయ పడనప్పుడు లోపల పెట్టే మాత్రల సంగతేంటి?
గోపాలమిత్ర, మహబూబాబాద్ జిల్లా

జవాబు: అన్నీ వస్తాయి. ఐవర్‌మెక్టిన్ కొవ్వులో కరిగే మందు, పాలలోకి వారాల తరబడి దిగుతూనే ఉంటుంది. వెన్న, నెయ్యి తీస్తే అందులోకి చేరుతుంది. పాలిచ్చే పశువుకు దాన్ని వాడొద్దు. పురుగులకు ఫెన్‌బెండజోల్ లాంటిది డాక్టర్ సలహాతో, లేబుల్ గడువుతో వాడండి. చూడి కట్టిన తొలి 45 రోజుల్లో ఆల్బెండజోల్ తాగించొద్దు.

గోమార్లకు డెల్టామెత్రిన్ లాంటి పశువుల మందునే, లేబుల్ మీద చెప్పినంతే నీళ్లలో కలిపి, పాలు పిండిన తర్వాత చల్లండి. తర్వాతి పూట పొదుగు బాగా కడిగి, ఆరబెట్టి పిండండి. పత్తి చేనుకు కొట్టగా మిగిలిన మందును పశువుల మీద చల్లడం మన దగ్గర అక్కడక్కడా ఉంది. అది పశువును చంపుతుంది, పాలనూ విషం చేస్తుంది. దయచేసి ఎవరినీ చల్లనివ్వకండి.

గర్భాశయంలో పెట్టిన మాత్ర అక్కడే ఉండిపోదు, రక్తంలోకి, పాలలోకి చేరుతుంది. దానికీ గడువు పాటించాల్సిందే. పాత మాత్రల్లో నైట్రోఫ్యూరజోన్ ఉండేది. నైట్రోఫ్యూరాన్లను, క్లోరాంఫెనికాల్‌ను ఆహారానికి వాడే పశువుల్లో కేంద్ర ప్రభుత్వం 2025లో పూర్తిగా నిషేధించింది. వీటికి ఇన్ని రోజులు ఆపితే చాలన్న గడువే లేదు. మీ సంచిలో పాత సరుకుంటే తీసేయండి.

ప్రశ్న: నొప్పి, జ్వరం సూదులకు కూడా గడువుంటుందా?
పాడి రైతు, కాగజ్‌నగర్

జవాబు: ఉంటుంది. ఉదాహరణకు మెలాక్సికామ్‌కు ఐరోపా లేబుళ్లలో పాలకు 5 రోజులు. మీ ప్రాంతానికి ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు కట్టుకున్న చరిత్ర ఉంది. డైక్లోఫెనాక్ వేసిన పశువు చచ్చి, ఆ కళేబరాన్ని తింటే రాబందుల మూత్రపిండాలు పాడై చనిపోతాయి. అందుకే పశువులకు ఆ మందు 2006లోనే నిషేధం. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. మనుషుల డైక్లోఫెనాక్ సూది మెడికల్ షాపులో దొరుకుతుంది కదా అని పశువుకు వేయించొద్దు. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదు.

ప్రశ్న: అసలు సూది దాకా పోకుండా పొదుగు వాపును ఆపలేమా?
మహిళా పాల సంఘం సభ్యులు, భీమదేవరపల్లి

జవాబు: చాలావరకు ఆపొచ్చు. పిండే ముందు ప్రతి చన్ను నుంచి తొలి మూడు నాలుగు ధారలు నల్లటి పళ్లెంలో చూడండి. గడ్డలు, నీరు, దారాలు కనబడితే ఆ రోజే పట్టుకున్నట్లు. కంటికి కనబడని వాపు కోసం పదిహేను రోజులకోసారి సీఎంటీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) పరీక్ష చేయండి. ఒక్కో చన్ను నుంచి 2, 3 మిల్లీలీటర్ల పాలు, అంతే ద్రావణం కలిపి తిప్పితే, వాపుంటే జిగురుగా కడుతుంది. పిండాక చన్నులను 0.5 శాతం అయోడిన్ ద్రావణంలో ముంచండి. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట దాకా పడుతుంది, అప్పటివరకు మేత వేసి ఆవును నిలబెట్టే ఉంచండి.

జ్వరం లేకుండా, మేత తింటూ, పొదుగు కొద్దిగా గట్టిపడ్డ తొలి దశలో ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి మండలి) ప్రచారం చేస్తున్న పూత మందు వాడి చూడొచ్చు. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తినే సున్నం 15 గ్రాములు కలిపి మెత్తగా రుబ్బండి. పొదుగు కడిగి, పూర్తిగా పిండి, ముద్దలో కొంత తీసి నీళ్లతో పలచన చేసి పొదుగంతా పూయండి. రోజుకు 8 నుంచి 10 సార్లు, ఐదు రోజులు. ముద్ద ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. రోజూ రెండు నిమ్మకాయలు కోసి తినిపించాలి. జ్వరం వచ్చినా, పాలలో రక్తం పడినా, చన్ను చల్లబడి నీలిరంగుకు తిరిగినా పూత మందుతో కాలయాపన చేయొద్దు, వెంటనే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. అప్పుడు యాంటీబయాటిక్ తప్పదు, పాలు ఆపకా తప్పదు.